కరెంటు బిల్లును పై శ్లాబు నుంచి కోసుకుంటూ రండి

రోహిణి కార్తె వచ్చిందంటే గోదావరి జిల్లాల్లో ఎవరి నోట విన్నా రెండే మాటలు: ఉక్కపోత, కరెంటు బిల్లు. "ఏం వాడేశామండీ అంతలా? రెండు ఫ్యాన్లు, ఓ ఏసీయేగా!" అనని ఇల్లు ఉండదు. ఆ బిల్లు తగ్గించుకునే పద్ధతి ఇక్కడ వరుసగా చెబుతాను. "గది దాటితే లైటు ఆర్పండి" లాంటి సలహాలు ఇందులో పెద్దగా ఉండవు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రోజుకు ఆరు గంటలు వెలిగినా నెలకు ఒకటిన్నర యూనిట్ చిల్లరే. దానికోసం పిల్లల్ని కసురుకోవడం దండగ. డబ్బు పోయే దారులు వేరే ఉన్నాయి.

ముందు బిల్లు చదవండి

రీడింగ్ తీసే కుర్రాడు మిషన్‌లోంచి చింపి ఇచ్చే పొడుగాటి చీటీ నాలుగు వారాలు ఎండ తగిలితే తెల్లకాగితం అయిపోతుంది. చేతికి రాగానే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. పాత బిల్లులు కావాలంటే మనకు కరెంటు ఇచ్చే కంపెనీ ఈపీడీసీఎల్ వారి ఈస్టర్న్ పవర్ యాప్‌లో మీ సర్వీస్ నంబరు కొట్టి చూడొచ్చు. ఏడాది బిల్లులు ఒకచోట పెట్టుకుంటేనే కింద చెప్పే లెక్కలు కుదురుతాయి.

ఇళ్లకు 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన శ్లాబులు, అంటే వాడకం పెరిగేకొద్దీ మారే రేట్ల మెట్లు, ఇవి. మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు. 31 నుంచి 75 వరకు 3 రూపాయలు. 76 నుంచి 125 వరకు 4.50. 126 నుంచి 225 వరకు 6 రూపాయలు. 226 నుంచి 400 వరకు 8.75. ఆపైన 9.75. టారిఫ్ సంవత్సరం ఏటా ఏప్రిల్ 1న మొదలవుతుంది కాబట్టి మీ తాజా బిల్లు మీద ఉన్న రేటుతో ఒకసారి సరిచూసుకోండి.

ఇక్కడ చాలామందికి ఒక భ్రమ ఉంది. "225 దాటిందంటే మొత్తం యూనిట్లకీ పెద్ద రేటు పడిపోతుంది" అని భయపడతారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. 2022కు ముందు నెలకు 75 యూనిట్ల లోపు, 225 లోపు, ఆపైన అని ఏ, బీ, సీ గ్రూపులు ఉండేవి. గ్రూపు మారితే కింది యూనిట్ల రేట్లు కూడా మారిపోయేవి. ఆ గ్రూపులు ఎత్తేశారు. ఇప్పుడు మీరు 500 యూనిట్లు వాడినా మొదటి 30 యూనిట్లకు 1.90 రేటే. పెద్ద రేటు పైన మిగిలిన యూనిట్లకు మాత్రమే.

అంటే మీరు మిగిల్చే ప్రతి యూనిట్ పై నుంచే తగ్గుతుంది, అంటే అన్నిటికన్నా ఖరీదైన యూనిట్ ముందు పోతుంది. లెక్క చూడండి. 300 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీ 1,673 రూపాయలు. 225కు దిగితే 1,017. వాడకం పావు వంతు తగ్గింది, డబ్బు మాత్రం 656 రూపాయలు, దాదాపు 40 శాతం, తగ్గింది. "సగటున యూనిట్ అయిదున్నర పడుతోందిలే" అని లెక్కేసేవాళ్లు ఇక్కడే మోసపోతారు. మీరు పొదుపు చేసే యూనిట్ విలువ అయిదున్నర కాదు, 8.75.

బిల్లులో మిగతా వరుసల్లో మన చేతిలో ఉన్నవీ లేనివీ విడదీసుకోండి. ఫిక్స్‌డ్ ఛార్జీ కిలోవాట్‌కు నెలకు 10 రూపాయలు, అది మీ మంజూరు లోడును బట్టి ఉంటుంది. విద్యుత్ సుంకం యూనిట్‌కు 6 పైసలు. ఇంధన సర్దుబాటు కింద యూనిట్‌కు 40 పైసల వరకు నెలనెలా వేసుకునే వెసులుబాటు కంపెనీలకు ఉంది. ఇక ట్రూఅప్ అని కనిపించేది ఎప్పుడో రెండు మూడేళ్ల కిందట మీరు వాడేసిన యూనిట్ల బాకీ. ఈ నెల ఎంత పొదుపు చేసినా అది తగ్గదు. "పొదుపు చేసినా బిల్లు తగ్గలేదండీ" అనేవాళ్లు చాలాసార్లు ఈ వరుస చూసుకోకుండానే నిరుత్సాహపడిపోతారు. వాడకం తగ్గిందో లేదో యూనిట్లలో చూడండి, రూపాయల్లో కాదు.

డిసెంబరు బిల్లు, మే బిల్లు పక్కపక్కన పెట్టండి

చలికాలంలో ఏసీ ఉండదు, ఫ్యాన్ కూడా తక్కువే. డిసెంబరులో వచ్చిన యూనిట్లు మీ ఇంటి అడుగు వాడకం: ఫ్రిజ్, మోటారు, టీవీ, మిక్సీ, వాషింగ్ మెషీన్. మే యూనిట్లలోంచి దాన్ని తీసేస్తే వచ్చేది వేసవికి కట్టే ఖర్చు. డిసెంబరులో 110, మేలో 340 అనుకుందాం. 230 యూనిట్లు కేవలం చల్లదనానికే పోయాయి. అలాంటి ఇంట్లో ఫ్రిజ్ గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు, ఏసీ గదిని చూసుకోవాలి. డిసెంబరులోనే 200 వస్తుంటే మాత్రం ఎక్కడో ఏదో తినేస్తోందని అర్థం. అప్పుడు మీటరు దగ్గరికి వెళ్లాలి.

సంక్రాంతి నెలను ఈ లెక్కలో కలపకండి. చుట్టాలు, సీరియల్ లైట్లు, పొద్దస్తమానం తిరిగే గ్రైండర్లు... ఆ నెల ఏ ఇంటికీ మామూలు నెల కాదు.

మీటరు కన్నుకొట్టే లెక్క

ఇంటి ముందున్న మీటరు మీద ఎర్రటి చిన్న లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. దాని పక్కనే యూనిట్‌కు ఎన్ని మెరుపులో రాసి ఉంటుంది, 1600 అనో 3200 అనో. దీంతో ఇంట్లో ఏ వస్తువు ఎంత లాగుతోందో పైసా ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు.

ఇంట్లో అన్నీ ఆపేయండి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసేయండి. ఒకే ఒక్క ఫ్యాను ఫుల్ స్పీడ్‌లో వేయండి. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని నిమిషంలో లైటు ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టండి. 3200 మీటరైతే ఒక్కో మెరుపుకు 18.75 వాట్లు. నాలుగు మెరుపులొస్తే ఆ ఫ్యాను 75 వాట్లు లాగుతున్నట్టు. 1600 మీటరైతే ఒక్కో మెరుపు 37.5 వాట్లు. చిన్న వస్తువైతే అయిదు నిమిషాలు లెక్కపెట్టి అయిదుతో భాగించండి. ఇలా ఒక్కో వస్తువూ వేసి కాగితం మీద రాసుకోండి.

అసలు పరీక్ష అన్నీ ఆపేసినప్పుడు జరుగుతుంది. ఏదీ వేయకపోయినా లైటు మెరుస్తోందంటే మూడిట్లో ఒకటి: ప్లగ్గులో మర్చిపోయిన సెట్‌టాప్ బాక్సు లాంటిది, ఇన్వర్టర్ బ్యాటరీ ఛార్జింగ్, లేదా వైరింగ్‌లో లీకేజీ. 10 వాట్లే కదా అనుకోకండి. రోజంతా లాగితే నెలకు ఏడు యూనిట్లు. మొదటి రెండూ తీసేశాక కూడా మెరుస్తుంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మన గాలిలో తేమకు, వానాకాలం చెమ్మెక్కే గోడలకు పాత వైరింగ్ లీక్ అవ్వడం వింతేమీ కాదు. అది డబ్బు సంగతి తర్వాత, ముందు ప్రాణం సంగతి.

ఫ్యాన్లతో మొదలుపెట్టండి, ఏసీతో కాదు

ఎవరూ పట్టించుకోని ఖర్చు ఇదే. గోదావరి ఉక్కకు ఫ్యాను రోజుకు పదహారు గంటలు తిరగడం మామూలే. 75 వాట్ల పాత ఫ్యాను అలా తిరిగితే నెలకు 36 యూనిట్లు. ఇంట్లో అలాంటివి నాలుగుంటే 144! కొత్తగా వస్తున్న బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్లు ఫుల్ స్పీడ్‌లో 30 వాట్ల చుట్టూ లాగుతాయి. అదే పదహారు గంటలకు నెలకు 14 యూనిట్లు. ఒక్కో ఫ్యానుకు 21 యూనిట్లు మిగులుతాయి. మీరు 8.75 శ్లాబులో ఉంటే నెలకు 185 రూపాయల పైనే. మూడు వేలు పెట్టి కొన్నా ఒకటిన్నర ఏడాది చాలదూ? అదే మీ బిల్లు 120 యూనిట్లు దాటని ఇల్లయితే మిగిలేది యూనిట్‌కు 4.50 చొప్పునే కాబట్టి తొందర లేదు, పాతది పాడయ్యాక మార్చుకోండి.

నాలుగూ ఒకేసారి మార్చనక్కర్లేదు. ఎక్కువ గంటలు తిరిగేది ముందు. సాధారణంగా అది పెద్దవాళ్లు పడుకునే గదిదో, హాల్లోదో అవుతుంది. చుట్టాల గది ఫ్యాను పాతదే ఉంచండి. ఇంకా డబ్బాలాంటి పాతకాలం రెగ్యులేటర్ ఉంటే మాత్రం ఇవాళే తీసేయించండి. స్పీడు తగ్గించినా అది మిగతా కరెంటును వేడి చేసి పారేస్తుంది. ముట్టుకుంటే వెచ్చగా తగులుతుంది చూడండి. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌కు మహా అయితే కొన్ని వందలు. బీఎల్‌డీసీ ఫ్యానుకు దాని రిమోట్ చాలు, గోడ రెగ్యులేటర్ తీసేయమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి.

ఏసీ దగ్గర ఏం చేయాలి

ఏసీ మీద అంటించిన స్టార్ లేబుల్‌లో ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. ఆ అంకె 1600 గంటల వాడకానికి లెక్క. దాన్ని 1600తో భాగిస్తే గంటకు ఎంతో వస్తుంది. 960 ఉంటే గంటకు 0.6 యూనిట్. రాత్రి ఎనిమిది గంటలు వేస్తే నెలకు 144. గదికి సరిపోయే ఏసీ పెట్టినప్పటి మాట అది. ఎండకు కాలిన డాబా కింద అంతకన్నా ఎక్కువే అవుతుంది.

2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నిబంధన ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ లెక్క. మనకు ఇంకో వెసులుబాటు ఉంది. డెల్టాలో మనల్ని చంపేది వేడి కన్నా తేమ. 26 పెట్టి, సీలింగ్ ఫ్యాను చిన్నగా తిప్పితే చెమట ఆరిపోతుంది, నిద్ర పడుతుంది. వానలు పడ్డాక జులై, ఆగస్టు ఉక్కలో ఏసీని తేమ లాగేసే డ్రై మోడ్‌లో వేసి చూడండి, చాలా ఇళ్లలో అది చాలు.

పెంకుటింట్లో సీలింగ్ కొట్టించకుండా ఏసీ పెట్టడం ఊరంతటినీ చల్లబరుస్తానన్నట్టే. ముందు సీలింగ్, తర్వాతే ఏసీ. డాబా ఇంటికైతే మార్చిలోనే పైన రెండు పూతలు తెల్ల సున్నం వేయించండి. పగలంతా ఎండ పీల్చిన డాబా అర్ధరాత్రి దాకా కిందికి వేడి కక్కుతూనే ఉంటుంది, ఏసీ సగం కష్టం దానితోనే. తాటాకు పందిరి వేసుకోగలిగితే అంతకన్నా మేలు. సాయంత్రం డాబా మీద నీళ్లు కొట్టే అలవాటు కొందరికి ఉంది. మోటారు ఖర్చు అటుంచండి, అసలే తేమ ఎక్కువున్న చోట ఇంకాస్త ఉక్క పెంచుకోవడం ఎందుకు?

నరసాపురం, అంతర్వేది, ఉప్పాడ వైపు సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లకు ఒక మాట. ఉప్పుగాలికి బయటి యూనిట్ రెక్కలు పొడిపొడిగా రాలిపోతాయి. అప్పుడు ఏసీ తిరుగుతూనే ఉంటుంది, గది చల్లబడదు, మీటరు మాత్రం పరిగెడుతుంది. వేసవికి ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి మంచినీళ్లతో కడిగించండి. లోపలి ఫిల్టర్ రెండు వారాలకోసారి మీరే తీసి కుళాయి కింద కడగొచ్చు. కొత్తది కొనేటప్పుడు తుప్పు పట్టని పూత ఉన్న రాగి కాయిల్ అడగండి.

మోటారు

ఒక హెచ్‌పీ మోటారు గంట తిరిగితే దగ్గర దగ్గర ఒక యూనిట్. ట్యాంకు నిండి పొర్లిపోయి, పక్కింటివాళ్లు "అమ్మాయ్, మోటారు ఆపండే" అని కేకేసేదాకా తెలియని ఇళ్లకు రోజుకు పావుగంట వృథా అయినా నెలకు ఏడెనిమిది యూనిట్లు. నిండగానే అరిచే అలారమో, తనంతట ఆగే ఫ్లోట్ స్విచ్చో పెట్టించండి.

ఖాళీ ట్యాంకు నిండడానికి ఎంతసేపు పడుతుందో ఒకసారి టైము చూసి గోడ మీద రాసిపెట్టండి. అరగంటలో నిండేది ముప్పావుగంట పడుతోందంటే పైపు అడుగున నీళ్లు వెనక్కి పోకుండా ఆపే ఫుట్‌వాల్వ్ లీకవుతోందో, లోపల ఇసుక పట్టిందో చూపించుకోవాలి. వేసవిలో కాలువలు కట్టేశాక నీటిమట్టం దిగి కాస్త ఆలస్యం కావడం వేరు. డెల్టాలో చాలా చోట్ల నీళ్లు పైనే ఉంటాయి, ఒక అంతస్తు ఇంటికి అర హెచ్‌పీ సరిపోయేచోట కొట్టువాడు ఒకటిన్నర అంటగడతాడు.

మోటారు, ఇస్త్రీ, గ్రైండర్ మధ్యాహ్నం పూట పెట్టుకోండి. సాయంత్రం ఆరు నుంచి పది దాకా అందరూ ఒకేసారి వేయడంతో వోల్టేజీ పడిపోతుంది, తక్కువ వోల్టేజీలో మోటారు వేడెక్కి కాలిపోతుంది. ఇళ్లకు శ్లాబుల లెక్కలో పగలైనా రాత్రయినా రేటు ఒకటే. అయితే పగలు సోలార్ ఉన్నప్పుడు చౌకగా, రాత్రి రద్దీలో ఖరీదుగా రేటు వేసే పద్ధతి పెద్ద పరిశ్రమలకు ఇప్పటికే ఉంది. 2023లో కేంద్రం నిబంధనలు సవరించి వ్యవసాయం తప్ప మిగతా వాళ్లకూ దాన్ని తెమ్మంది. ఇప్పటి నుంచి అలవాటు పడితే నష్టం లేదు. ఆ రాత్రి రద్దీలో కరెంటు ఎందుకంత ప్రియమో మనకు వేరే చెప్పాలా? విజ్జేశ్వరం, జేగురుపాడు, వేమగిరి అన్నీ మన చుట్టూ ఉన్న గ్యాస్ ప్లాంట్లే. కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్ గ్యాస్ తగ్గిపోయాక వాటిలో చాలావరకు ఏళ్ల తరబడి ఖాళీగా చూస్తూ ఉన్నాయి. సీలేరు జలవిద్యుత్తు చౌకే, కానీ అక్కడ కరెంటు తీసి వదిలిన నీళ్లు శబరి మీదుగా వచ్చి మన దాళ్వాకు (రబీ వరికి) అందాలి. బటన్ నొక్కినప్పుడల్లా వదిలేయడానికి లేదు.

ఒక హెచ్చరిక. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చేపలు, రొయ్యల చెరువుల మీటర్లకు రాయితీ రేటు ఉంది కదా అని అక్కడి నుంచి ఇంటికి వైరు లాగేవాళ్లున్నారు. పట్టుబడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటుతో లెక్క కడతారు. గట్టు మీద తడిలో వేలాడే వైరు వల్ల జరిగేది అంతకన్నా ఘోరం.

ఫ్రిజ్, గీజరు

ఫ్రిజ్ తలుపులో కాగితం పెట్టి మూయండి. లాగితే జారి వచ్చేస్తే రబ్బరు మార్చాలి. గోడకు జానెడు దూరం జరపండి. గీజరు 2,000 వాట్లు, కార్తీక స్నానాలు అయ్యాక స్విచ్చు ఆపడం గుర్తుంటే చాలు.

ఇంట్లోవాళ్లను కలుపుకోవడం

ఇది అన్నిటికన్నా కష్టం. ఇంటాయన ఒక్కడే స్విచ్చుల వెంట తిరిగితే వారంలో గొడవ, రెండో వారంలో మొదటికే. లక్ష్యం అంకెలో పెట్టండి. 225 దాటకూడదంటే రోజుకు ఏడున్నర, వారానికి 52 యూనిట్లు. ప్రతి ఆదివారం పొద్దున పిల్లలతో మీటరు చదివించి గోడ క్యాలెండర్ మీద రాయించండి. మీటరులో అంకెలు మారుతూ ఉంటాయి, కేడబ్ల్యూహెచ్ (kWh, అంటే యూనిట్లు) అని కనిపించినప్పటి అంకె రాయాలి. మిగిలిన డబ్బులో సగం వాళ్లకని ముందే ఒప్పుకోండి. పుస్తకమో, పుల్ల ఐసో, వాళ్లిష్టం. ఇక చూడండి, అమ్మమ్మ టీవీ ఆన్‌లో పెట్టి పెరట్లోకి వెళ్తే ఆపేది వాళ్లే. పెద్దవాళ్ల గదిలో ఫ్యానుకు మాత్రం లెక్కలు కట్టొద్దు.

అద్దెవాటాల్లో ఇంకో చిక్కు. కరెంటు అద్దెలో కలిపేస్తే అద్దెకున్నవాళ్లకు పొదుపు చేయాలని ఎందుకనిపిస్తుంది? కొందరు సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు పది రూపాయలు వసూలు చేస్తారు. పైన చెప్పిన శ్లాబుల్లో 400 దాటినవాళ్లకు కూడా 9.75యే! వేరే వంటగది, వేరే దారి ఉన్న వాటాకు విడిగా సర్వీస్ పెట్టించుకుంటే ఇద్దరికీ కింది శ్లాబులు విడివిడిగా దక్కుతాయి. ఒకే కాపురానికి శ్లాబు తప్పించుకోవడానికి రెండు మీటర్లు పెట్టడం మాత్రం నిబంధనలకు విరుద్ధం.

ఇవన్నీ అయ్యాకే సోలార్

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30 వేలు, మూడో కిలోవాట్‌కు 18 వేలు, మొత్తం 78 వేల వరకు రాయితీ వస్తుంది. ఒక కిలోవాట్ నెలకు 100 నుంచి 120 యూనిట్లు ఇస్తుంది, దాదాపు వంద చదరపు అడుగుల నీడలేని డాబా కావాలి. కోనసీమలో ఆ నీడలేని చోటు దొరకడమే కష్టం. కొబ్బరి మట్ట నీడ ఒక్క పలక మీద పడినా మిగతావాటి రాబడి కూడా దిగిపోవచ్చు. బేరం మాట్లాడే ముందు పొద్దున తొమ్మిదికి, మిట్టమధ్యాహ్నం, మూడింటికి డాబా ఎక్కి నీడ ఎక్కడ పడుతోందో సుద్దతో గీసుకోండి.

ఎన్ని కిలోవాట్లు పెట్టాలన్నది కూడా పై శ్లాబే చెబుతుంది. ఏడాది సగటు 330 ఉన్న ఇల్లు ఒక కిలోవాట్ పెడితే తగ్గేవి 8.75 యూనిట్లు. రెండోది పెడితే చాలావరకు ఆరు రూపాయలవి. మూడోదానికి వచ్చేసరికి నాలుగున్నర, మూడు రూపాయలవి. అంటే పెట్టిన డబ్బు రాను రాను నెమ్మదిగా తిరిగొస్తుంది. ఫ్యాన్లు మార్చకముందే సోలార్ పెడితే పాత ఫ్యాన్ల కోసం పలకలు కొన్నట్టవుతుంది. సగటు 120 దాటని ఇంటికి నేనైతే ఇప్పుడే పెట్టించుకోమని చెప్పను.

బిల్లు తేడాగా అనిపిస్తే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. రేట్ల మీదే అభ్యంతరం ఉంటే దానికీ దారి ఉంది. డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ కంపెనీలు, ఏటా నవంబరు ఆఖరుకల్లా వచ్చే ఏడాది ఖర్చుల లెక్కలు విద్యుత్ నియంత్రణ మండలికి ఇస్తాయి. ఆ తర్వాత మండలి ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు తీసుకుంటుంది, బహిరంగ విచారణ జరుపుతుంది. లాయరు అక్కర్లేదు. సర్వీస్ నంబరు, పేరు, మీ ఏడాది బిల్లుల ఫొటోలు జతచేసి ఒక పేజీ తెలుగులోనే రాసి పంపొచ్చు.